అడుగు తెగిన టేపు

నేను ఒక కొలత టేపును. యాభై అడుగులని నా డబ్బా మీద అచ్చు వేసి ఉంటుంది గానీ నమ్మకండి, నాలో ఉన్నవి నలభై తొమ్మిదే. ఆ పోయిన ఒక్క అడుగు గురించే ఈ గోలంతా. ప్రస్తుతం కాకినాడలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ రికార్డు గదిలో, ఒక ఫైలుతో కలిపి పురికొసతో కట్టేస్తే, బీరువా మూడో అరలో పడి ఉన్నాను. నా మీద ఒక చీటీ అంటించారు. ‘దోషమున్న పరికరం’ అని దాని మీద రాసి ఉంది. ఆ దోషం ఎవరిదో చెప్పుకోవడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు. కాస్త ఓపిక పట్టి వినండి.

పుట్టింది జలంధర్‌లో. తెల్లటి ఒళ్ళు, నల్లటి అంకెలు, అడుగు అడుగుకీ ఒక ఎర్ర గీత, కొసన ఇత్తడి కొక్కెం. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక ఇనపసామాను కొట్లో నన్ను గంగరాజు అనే తాపీ మేస్త్రి కొన్నాడు. నాలుగేళ్ళు ఆయన మొలకు వేలాడుతూ తిరిగాను. గోడలు లేస్తుంటే చూడ్డం బాగుండేది. ఇల్లు కట్టుకునే మనిషి టేపుని చాలా మర్యాదగా చూస్తాడు, అంగుళం తేడా వస్తే దేవుడి గది వంకర పోతుందని భయపడతాడు. గంగరాజు కళ్ళకు శుక్లాలు వచ్చి పని మానేశాక, నన్ను తన స్నేహితుడు కామరాజు చేతిలో పెట్టాడు. అక్కడితో నా వృత్తి మారిపోయింది. కట్టే ఇళ్ళను కొలవడం పోయి, కూలిపోతే ఎంత నష్టమో లెక్క వెయ్యడానికి ఇళ్ళను కొలవడం మొదలైంది.

యర్రమిల్లి కామరాజు గారు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఇళ్ళు చూసి వచ్చే సర్వేయరు. మోపెడ్డు మీద, బస్సుల్లో, ఒక్కోసారి పడవల్లో రాష్ట్రమంతా తిరిగేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు అడిగి తాగి, పిల్లల చదువులు విచారించి, ఆ తర్వాతే నన్ను బయటికి తీసేవాడు. ఎదుటివాళ్ళ కష్టం చూస్తే గబుక్కున కరిగిపోయే రకం. ఆ కరగడమే కొంప ముంచుతుందని అప్పుడు నాకు తెలియదు.

కంపెనీ వాళ్ళ దగ్గర ఒక రేట్ల పట్టిక ఉంటుంది. అందులో రాష్ట్రాన్ని ఐదు వరసలు చేశారు. పది లక్షల ఇల్లనుకోండి. అనంతపురం వైపు ఒకటో వరస, ఏడాదికి ఎనిమిది వందలు కడితే చాలు. గుంటూరు పక్కకు వచ్చేసరికి రెండో వరస, పద్నాలుగు వందలు. గోదావరి డెల్టాలోకి దిగితే మూడో వరసా నాలుగో వరసా కలగాపులగంగా ఉంటాయి. సముద్రానికి కిలోమీటరు లోపల ఉన్న ఇళ్ళు ఐదో వరస, తొమ్మిది వేలు. వాటిలోనూ కొన్నిటికి ఎదురుగా ‘ఇవ్వబడదు’ అని ఉంటుంది. అదే ఇటుక, అదే సిమెంటు, అదే మేస్త్రి చెయ్యి. ఇల్లు ఎక్కడ నిలబడిందన్నదే తేడా. అనంతపురంలో ఆ ఎనిమిది వందలు కట్టమంటే జనం నవ్వేవాళ్ళు. వానే పడని ఊళ్ళో వరద ఇన్సూరెన్సేమిటని ఒకాయన కామరాజు గారికి మజ్జిగ ఇచ్చి మరీ ఎగతాళి చేశాడు. ఇటు ఉప్పుటేరు పక్కన ఉన్నవాళ్ళేమో తమ వరస ఎందుకు పెరిగిందని బతిమాలేవాళ్ళు. అక్కర లేనివాడికి చవక, అక్కర ఉన్నవాడికి ప్రియం. ఇది కనిపెట్టిన మనుషులు దీన్ని శాస్త్రం అంటారు.

ఆ పట్టిక కూడా నిలకడగా ఉండేది కాదు. తుపాను వచ్చిన మరుసటి ఏడు కొత్తది అచ్చయ్యేది. ఒకసారి ఒక ఊరి మధ్య రోడ్డునే హద్దు చేశారు. రోడ్డుకు తూర్పున ఉన్న అన్నకు నాలుగో వరస, పడమర ఉన్న తమ్ముడికి మూడో వరస పడ్డాయి. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఎప్పుడూ ఎండిపోయి ఉండే సీమ ఊళ్ళో చెరువు కట్ట తెగితే, ఆ మజ్జిగ ఇచ్చిన పెద్దమనిషి పేటను కూడా ఒక వరస పైకి జరిపారు. ఆయన మళ్ళీ కనిపించలేదు గానీ, ఆయన ఇంటి గోడ మీద నీటి చార ఎత్తు కొలిచింది నేనే.

నా మొదటి అడుగు కదిరిలో పోయింది. ఒక ఇంటి ప్రహరీ కొలుస్తుంటే గాలికి ఇనప గేటు పడి నా కొస దాని కింద ఇరుక్కుంది. కామరాజు గారు లాగాడు, కొక్కెంతో సహా చిరిగిపోయింది. ఇంకెవరైనా అయితే మూడు వందలు పెట్టి కొత్త టేపు కొనుక్కునేవాళ్ళు. ఈయన బ్లేడు తెచ్చి ఒకటో అంకె దగ్గర నీటుగా కోసేసి, “ఇకనుంచి ఒకటి దగ్గర మొదలెట్టి, వచ్చినదాంట్లో ఒకటి తీసేస్తే సరిపోతుంది” అన్నాడు. పదకొండేళ్ళు అలాగే చేశాడు. నన్ను నేలకు ఆనించడం, పైన అంకె చదవడం, “ఒకటి తీసెయ్” అని తనలో తను గట్టిగా అనుకోవడం, ఆ తర్వాతే కాగితం మీద పెట్టడం. బంధువుల ఇంట్లో భోజనానికి కూర్చుని గారెలు లెక్కపెట్టినా ఒకటి తీసేస్తాడని వాళ్ళావిడ ఏడిపించేది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నేను సాక్ష్యం.

ఒక వేసవిలో బొంతువారి లంకకు వెళ్ళాం. గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఊరు, పడవ దిగి కొబ్బరితోటల్లోంచి నడవాలి. అక్కడ మట్టపర్తి సత్యవేణి అనే ఆవిడ ఇల్లు చూడాలి. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. జాకెట్లు కుట్టి, ఆ సంపాదనతో గది తరవాత గది చొప్పున తొమ్మిదేళ్ళలో ఇల్లు కట్టుకుంది. ముందు గదిలో మూడు మిషన్లు, మడత విప్పిన గుడ్డలు, మెడలో పచ్చటి గుడ్డ టేపు. ఆ టేపును చూడగానే నాకు మన కులం మనిషే ఎదురైనట్టనిపించింది.

లంక ఊళ్ళకు కంపెనీ పెట్టిన రూలు ఒకటుంది. రోడ్డు మీద నుంచి గడప దాకా ఇంటి ఎత్తును బేస్‌మట్టం అంటారు. అది మూడు అడుగులు గానీ, అంతకు మించి గానీ ఉంటే మూడో వరస. ఒక్క అంగుళం తగ్గినా నాలుగో వరస. కామరాజు గారు వంగి నా ఒకటో అంకెను రోడ్డుకు ఆనించి, గడప దగ్గర చదివాడు. మూడు అడుగుల ఎనిమిది అంగుళాలు.

సత్యవేణి గుమ్మంలో నిలబడి చూస్తోంది. “అదేంటండీ, మీ టేపు ఒకటి నుంచి మొదలవుతోంది? మొదలు తెగిపోయినట్టుందండి” అంది.

“చెయ్యి తిరిగినదానివి, కనిపెట్టేశావమ్మా” అని ఆయన నవ్వాడు. “కంగారు పడకు, ఒకటి తీసేస్తాను.”

“ఆయ్, మరి తీసెయ్యాలండి. లేపోతే కొలత తప్పయిపోద్ది కదండీ” అని ఆవిడ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఒకటి తీసేస్తే రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు. నాలుగో వరస. కామరాజు గారు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. సున్నం కూడా పడని గోడలు చూశాడు. మిషను పక్కన పళ్ళెంలో చద్దన్నం, ఒక ఉల్లిపాయ కనిపించాయి. జేబులోంచి పట్టిక తీసి నాలుగో వరస రేటు చూసి నిట్టూర్చాడు. పెదవుల దాకా వచ్చిన మాట మింగేశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి, ఒకటి తీసెయ్యలేదు. మూడు అడుగుల ఎనిమిది అంగుళాలనే ఇంగ్లీషు ఫారం మీద రాసేశాడు. నేను ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాను. రాస్తున్నది చూస్తూనే ఉన్నాను గానీ, జాలితో రాసే చెయ్యిని ఆపే వీలు టేపుకు ఉండదు.

“ఎంతవుద్దండి?” అని సత్యవేణి అడిగింది.

“రెండు వేల నూట నలభై.”

ఆవిడ లోపలికెళ్ళి డబ్బు తెచ్చి ఇచ్చి, ఆయన వేలు పెట్టి చూపించిన చోట తెలుగులో సంతకం చేసింది. పడవలో తిరిగి వస్తుంటే కామరాజు గారు కూనిరాగం తీశాడు. ఆ రోజంతా ఆయనకు చాలా తేలిగ్గా ఉంది. ఒక పేదరాలికి మేలు చేశానని సంతోషపడ్డాడు. నాకూ సంతోషంగానే ఉందని ఒప్పుకుంటాను.

మరుసటి ఏడు రేట్లు పెరిగాయి. మూడో వరస రెండు వేల నాలుగు వందల పదికి చేరింది. సత్యవేణి ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా కట్టింది. ఆ ఆగస్టులో గోదావరి వచ్చింది.

నేను వరదను చూడలేదు, అది పోయిన తర్వాత చూశాను. ఆరు రోజులు ఇంట్లో నీళ్ళు నిలబడ్డాయట. వెనక గోడ పూర్తిగా పడిపోయి, పైకప్పు ఒక పక్కకు ఒరిగింది. మూడు మిషన్లూ మోకాలి లోతు ఒండ్రులో కూరుకుపోయాయి. ఊరివాళ్ళు కుట్టించుకోవడానికిచ్చిన గుడ్డలు బురదలో ఏది ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. ఆవిడ గట్టు మీద టార్పాలిన్ వేసుకుని ఉంటోంది. చెల్లెలు రమ్మన్నా వెళ్ళలేదట. పాలసీ ఉంది, డబ్బు వస్తుంది, మళ్ళీ కట్టుకుంటానని అందరికీ చెబుతోందట. మూడు లక్షల ఎనభై వేలు నష్టమని లెక్క తేలింది.

డబ్బు ఇచ్చే ముందు ఇల్లు మళ్ళీ కొలవాలి. కామరాజు గారితో పాటు ఈసారి విజయవాడ ఆఫీసు నుంచి కిరణ్మయి అనే చిన్న వయసు ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడ చేతిలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద యంత్రం ఉంది. మీట నొక్కితే ఒక ఎర్ర చుక్క పడుతుంది, అంతే, కొలత అంకెల్లో కనిపిస్తుంది. వంగక్కర్లేదు, పట్టుకోవడానికి రెండో మనిషి అక్కర్లేదు. ఆ యంత్రాన్ని చూసి నాకు ఒళ్ళు మండిందని దాచుకోను. చుక్క రోడ్డు మీద పడింది. రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు.

కిరణ్మయి పాత ఫారం తీసింది. “సర్, ఇక్కడ మూడు ఎనిమిది అని ఉంది. సరిగ్గా అడుగు తేడా. ఎలా వచ్చింది?”

కామరాజు గారు ఫారం అందుకుని తన రాత చూసుకున్నాడు. ఆయన రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. తప్పు కొలత కావాలని రాశాడని తేలితే లైసెన్సు పోతుంది. ఆయన సంచిలోంచి నన్ను తీసి, తెగిన కొస చూపించాడు. “టేపు పాతబడిపోయింది మేడమ్. ఎప్పుడు తెగిందో, మొదటి అడుగు పోయింది. అప్పటికి నేను చూసుకోలేదు.”

ఇన్నేళ్ళ నా చాకిరీకి దక్కిన బహుమానం అది. సరే, పడ్డాను. ఎందుకంటే ఆ అబద్ధం వల్ల ఒక మేలుంది. తప్పు పరికరానిదైతే కంపెనీ ఆ వరసల మధ్య తేడా డబ్బు పట్టుకుని, మిగతా నష్టం ఇచ్చేస్తుంది. ఇల్లుగలావిడ మీద మచ్చ పడదు. కిరణ్మయి కూడా నిజంగానే ఊపిరి పీల్చుకుని, “అలాగైతే ఇబ్బంది లేదు” అని రాయబోయింది.

సత్యవేణికి ఇవేవీ తెలియవు. ఎవరూ చెప్పలేదు. ఎదురుగా ఒక తప్పు మాట విన్నది, సరిదిద్దింది. “చూసుకోపోవడం కాదండి. ఆ రోజు నేనే చెప్పేనండి, టేపు మొదలు తెగిపోయిందని. ఒకటి తీసేస్తానన్నారు ఈయన.”

కిరణ్మయి పెన్ను ఆగింది. “అంటే టేపులో అడుగు తక్కువుందని మీకు ముందే తెలుసా అమ్మా?”

“తెలుసండి. కుట్టుపని దాన్ని కదండీ, టేపు చూస్తే తెలీదాండి?”

“ఫారం మీద మూడు ఎనిమిది అని ఉంది. కింద సంతకం మీదే.”

“ఇంగ్లీషు నాకు రాదండి. ఒకటి తీసేసే రాసేరనుకున్నానండి.”

కిరణ్మయి చెడ్డ మనిషి కాదు. కామరాజు గారి వైపు తిరిగి చాలా మెల్లిగా అడిగింది. “సర్, ఒకటి తీసేస్తానని మీరు ఆవిడతో అన్నారా?”

ఇంతకన్నా సులువైన ప్రశ్న ఆయన జీవితంలో ఎవరూ అడిగి ఉండరు. ఔనంటే చాలు. ఔను, అన్నాను, తెలిసీ తీసెయ్యలేదు, తప్పు నాది, ఆవిడది కాదు. అలా అంటే ఆయన లైసెన్సు పోతుంది, సత్యవేణి ఇల్లు నిలబడుతుంది. ఆయన అరచేతి చెమట నా అంకెల మీద జారుతోంది. కొబ్బరితోటలో ఎవరో వరదకు పడ్డ చెట్లు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అను మహానుభావా, అను, అని నేను లోపల గింజుకుంటున్నాను.

“అలా అన్న గుర్తు లేదు మేడమ్” అన్నాడు.

సత్యవేణి ఆయన వైపు చూసింది. కోపంగా కాదు, అర్థం కానట్టు. కిరణ్మయి రాసుకుంది. కొలత తప్పని తెలిసి కూడా ఇంటి యజమాని సంతకం చేసినట్టు ఆవిడ మాటల్లోనే తేలిందని రాసింది. నన్ను సాక్ష్యంగా ఒక కవరులో పెట్టి అంటించింది.

రెండు నెలల తర్వాత సత్యవేణిని కాకినాడ ఆఫీసుకు పిలిపించారు. నష్టపరిహారం ఇవ్వబోమని, కట్టిన ప్రీమియం మాత్రం దయతో తిరిగి ఇస్తామని చెప్పడానికి. కవరు చింపి నన్ను టేబుల్ మీద ఫైలు పక్కన పెట్టారు. కామరాజు గారిని కూడా సాక్షి సంతకానికి రమ్మన్నారు. కిరణ్మయి చెక్కు తేవడానికి లోపలికి వెళ్ళింది. గదిలో వాళ్ళిద్దరూ, నేనూ మిగిలాం.

ఆవిడ చిక్కిపోయింది. మెడలో టేపు లేదు. ముందున్న కాగితాన్ని ఆయన వైపు జరిపింది. “ఇందులో ఏం రాసుందో చదవండి. తెలుగులో చెప్పండి. ఈసారి వినకుండా పెట్టనండి సంతకం.”

కామరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క వాక్యం తెలుగు చేస్తూ చదివాడు. “మట్టపర్తి సత్యవేణి అను నేను, నా ఇంటి ఎత్తు తప్పుగా నమోదైన సంగతి తెలిసి కూడా...” అక్కడ ఆగి కాగితం కింద పెట్టబోయాడు. ఆవిడ కదలకుండా కూర్చుంది. ఆయన మళ్ళీ అక్కణ్ణుంచే చదివి, చివరి దాకా పూర్తి చేశాడు.

“ఎందుకు తీసెయ్యలేదండి ఆ రోజు?” అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి ఫైలు మీద పెట్టాడు. “నువ్వు కట్టుకోలేవనుకున్నానమ్మా. జాలేసింది.”

“నిజం రాసుంటే ఎంతయ్యేదండి?”

“అయిదు వేల ఆరు వందలు.”

ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను, పెదవులు కదిలాయి, వేళ్ళు ఒక్కొక్కటీ ముడుచుకున్నాయి. “పద్నాలుగు జాకెట్లండి” అంది. “లైనింగ్ జాకెట్లు పద్నాలుగు ఎక్కువ కుడితే ఆ తేడా వచ్చేసేదండి. పది రోజుల పని. కుట్టేసేదాన్ని కదండీ. నన్నొక్క మాట అడగాల్సిందండి.”

ఆయన అడగలేదు. ఆ రోజు గుమ్మంలోనూ అడగలేదు, వరద తర్వాత గట్టు మీదా అడగలేదు. మంచి చేసినప్పుడూ చెడు చేసినప్పుడూ ఆవిడ తరఫున తనే తేల్చేశాడు. కిరణ్మయి చెక్కు తెచ్చింది. సత్యవేణి రెండు చోట్లా సంతకం చేసింది, అలవాటుగా దుమ్ము దులుపుతున్నట్టు కాగితాన్ని అరచేత్తో ఒకసారి తుడిచి, లేచి వెళ్ళిపోయింది. కామరాజు గారు ఆమె వెనకాల మెట్ల దాకా వెళ్ళి, పిలవకుండానే తిరిగొచ్చాడు. పద్నాలుగు నెలలూ పూర్తి చేసి, పూలదండతో రిటైరయ్యాడని తర్వాత గుమాస్తాలు అనుకుంటుంటే విన్నాను.

నేను ఇక్కడే ఉన్నాను. ఏడాదికోసారి బీరువా తలుపు తెరిచి, పాత పట్టిక తీసేసి కొత్తది నా పక్కన పెడతారు. ఈసారి వచ్చినదాంట్లో బొంతువారి లంక పేరు నాలుగో వరసలో లేదు, ఐదో వరసలోనూ లేదు. చివరి పేజీలో ఉంది, ‘ఇవ్వబడదు’ అన్న చోట. ఇప్పుడు పద్నాలుగు కాదు, నూట నలభై జాకెట్లు కుట్టినా ఆ ఊళ్ళో ఏ ఇంటికీ పాలసీ రాదు.